ఏడో నంబరు ట్రే

ఆకలి పెట్టడం నా ఉద్యోగం.
హెబ్బాళ దాటాక, కూరగాయల లారీలు మలుపు తిరిగే చోట
ఒక గాజు ఇంట్లో
ఏడో నంబరు ట్రేలోని రాగి మొలకలకి
అన్నీ కొలిచి పోస్తాను,
నత్రజని, పొటాష్, చిటికెడు జింకు,
భాస్వరం తప్ప.

పక్క ట్రేకి అన్నీ అందుతాయి.
రెంటికీ అదే ఎండ, అవే ఫిల్టరు నీళ్ళు,
దేవనహళ్ళి వైపు దిగే విమానాల అదే నీడ.

తొమ్మిదో రోజుకి ఆకు అంచున ఊదారంగు.
మిషను ఇంకా ఏమీ చెప్పలేదు.
వేళ్ళు కడిగే మునిరత్నమ్మ చెప్పింది:
"ఇది పైకి పోయేది మానుకునింది మ్యాడం.
కింద దేవులాడతా ఉంది."

ఆమె చూసినదానికి
నేను నోటుబుక్కులో పేర్లు రాసుకున్నాను.
సైటోకైనిన్ తగ్గింది,
కొత్త పిలక మాట ఎవరూ ఎత్తడం లేదు.
ఆక్సిన్ వేరు కొసకి చేరింది,
అక్కడ నూగు మొలిచింది
పసిబిడ్డ చెవి మీద వెంట్రుకలంత సన్నగా,
ఇసుక రేణువు రేణువునీ తడుముతూ.
స్ట్రైగోలాక్టోన్ మాత్రం గడప దాటింది.
మట్టిలో ఎక్కడో పడుకున్న బూజుని లేపి
బేరం పెట్టడానికి:
భాస్వరం తెచ్చిపెట్టు, చక్కెర ఇస్తాను.

నా ఇసుకలో బూజు లేదు.
ఆవిరి పట్టి, చంపి మరీ పోశాను.
అయినా ఆ పిలుపు ఆగలేదు,
రద్దయిన నంబరుకి
మళ్ళీ మళ్ళీ ఫోన్ చేసినట్టు.

పొలంలో అయితే ఇంకో గండం.
అదే పిలుపు విని
వేరుని పట్టి పీల్చే కలుపు విత్తనం కూడా మేలుకుంటుంది.
ఈ సంగతి చెబితే మునిరత్నమ్మ నవ్వింది.
"మా వీధిలో వడ్డీ సేటూ అంతే.
ఎవురింట్లో పొయ్యి ఎలగలేదో
ముందు వాడికే తెలుస్తాది."

ఇరవై ఆరో రోజు
సగం మొలకలకి భాస్వరం తిరిగి పోశాను.
ఆ వారంలోనే కొత్త ఆకు పచ్చగా విచ్చుకుంది.
పిలక తల ఎత్తింది.
హార్మోన్ల లెక్క
మెల్లగా పక్క ట్రే లెక్కకి దగ్గరైంది.

స్కానరు అద్దం మీద వేళ్ళు పరిచి
ఇద్దరం వంగి చూశాం.
ఆకలి రోజుల్లో వేరు
ఎంత దూరం పోయిందో అక్కడే ఉంది.
ఒక్క పోగు కూడా వెనక్కి రాలేదు.

మునిరత్నమ్మ బేసిన్లో ఇసుక వంపి
చేతులు కడుక్కుంది.
కొడుక్కి ఇప్పుడు నెల జీతం, బస్సు డ్రైవరు.
అయినా క్యాంటీన్లో
సంగటి ముద్ద సగానికి తుంచి
డబ్బాలో పెట్టుకుంది, ఎప్పటిలాగే.
ఎవరికని నేను అడగలేదు.

రేపటి నుంచి ఎనిమిదో ట్రే.
దానికి ఇనుము ఉండదు.