గజాల లెక్క

రస్ అల్ ఖైమాల ఇసుకను గజాలల్ల కొలుస్తరు.
నాకు నవ్వొచ్చింది మొదట.
సిరిసిల్లల పదారేండ్లు సాంచల నడుమ నిలబడ్డోణ్ణి,
సేటు మీటర్లల్ల రాసుకునేది,
మా నాయన సచ్చేదాక గజాలల్లనే చెప్పిండు.

ఇక్కడ కంటెయినర్ల ఏసీ కింద
కర్రలు బాగుచేస్త.
కర్ర అంటే ఒప్పుకోరు, డ్రైవర్ అనాలె.
మొదటి నెలంతా ఆ మాట వినంగనే
బస్సు నడిపే ఇద్రీస్ దిక్కు చూసేటోణ్ణి.

నలభై ఎనిమిది ఇంచులు. మించితే పోటీకి పనికిరాదు,
టేపు పెట్టి చూస్తరు.
తల టైటానియం, లోపల బోలు, గురిగంత.
ముఖం ఎంత పలుచనంటే
గోరుతోని కొడితే పళ్లెం లెక్క మోగుతది.
వంపు అయిదు డిగ్రీలే, గోడ నిలబెట్టినట్టు.
నాలాంటోడు కొడితే బంతి లేవనే లేవదు.
బలముండాలె,
లేకుంటే ఎవరి మీదన్న కోపమన్నా ఉండాలె.

ఆరు బంతులు. రెండున్నర నిమిషాలు.
రెండు గీతల నడుమ పడ్డదే పడ్డట్టు.
గీత బయటిది
ఎంత దూరం పోయినా పోనట్టే.

విరిగిన షాఫ్టు ఒకటి రంపంతోని కోసి
భూతద్దం కింద పెట్టి చూసిన ఒకనాడు.
నల్లటి పోగులు, పొరల మీద పొరలు.
అన్నీ పడుగే.
అద్దం తుడిచి మళ్ల చూసిన.
పేక లేదు.
పేక లేని బట్ట ఎట్ల నిలుస్తదని
ఆ రాత్రి క్యాంపుల నిద్రపట్టలే.
తర్వాత కురియాకోస్ సారు చెప్పిండు:
ఒక పొర నిలువు, దాని మీద ఏటవాలు,
దాని మీద ఎదురేటు,
జిగురుల ముంచి చుట్టి కాలుస్తరట.
అడ్డం పోయే పోగు లేదు గని
ఒకదానికొకటి అడ్డంపడే పొరలున్నయి.
మా అన్నదమ్ముల లెక్క.
కోయంగ మిగిలిన ముక్క తెచ్చుకొని
నా మంచం మీద దండెం కట్టుకున్న.

నిన్న రాత్రి ఆఖరు ఆట.
లైట్ల చుట్టూ తేమ, ఉడుకుతున్న అన్నం మీది ఆవిరి లెక్క.
టెండాయ్ అని జింబాబ్వే పిలగాడు,
పగలు హోటల్ గేటు కాడ సెక్యూరిటీ.
మిగతావాళ్లకు సంచికి ఆరు డ్రైవర్లు,
వానికి ఒక్కటే.
సెమీస్ ఆఖరు బంతికి దాని ముఖం పగిలింది.
టంగ్ మనాల్సింది
ఓటికుండ తన్నినట్టు వినబడ్డది.
నాడె విరిగినప్పుడు సాంచ గట్లనే అరుస్తది,
నేను అప్పటికే లేచిన.

ఇరవై రెండు నిమిషాలున్నయి.
హీట్ గన్ పెట్టి పగిలిన తల ఊడబీకిన.
ఎవరో వదిలేసిపోయిన పాతది ఒకటి షెల్ఫుల ఉండె,
ఎపాక్సీ కలిపి దానికి దించిన.
ఆరాలంటే రాత్రంతా కావాలె.
హీటర్ ముందట పట్టుకొని
బాలెంతరాలికి కాపడం పెట్టినట్టు
తిప్పుకుంట నిలబడ్డ.
"పట్టుకుంటదా?" అన్నడు ఇంగ్లీషుల.
"ఆరు దెబ్బలకు" అన్న.
నాకూ తెల్వదు.

అయిదు బంతులు గీత బయట.
ఆరోది కనబడలే.
లైట్లు దాటి పైకిపోయి
ఆ తడిగాలిల ఎక్కడనో ఆలోచించుకుంట ఉండిపోయింది.
అవతల జెండా పట్టుకున్న మొతాహర్
ఉరికిండు, ఆగిండు, వంగిండు.
మూడు వందల డెబ్బయెనిమిది.
గీతకు లోపలనే, జానెడు.

మనసు ఊకుంటదా, భాగించింది:
ఆరు గజాల చీరలు అరవై మూడు.
ఒక్క సాంచ మీద ఎనిమిది దినాలు.
వాడు ఏడు సెకండ్లల్ల పరిచిండు,
మీద అడుగుపెట్టెటందుకు కూడా ఎవరూ లేని చోట.

గెలువలే.
స్వీడన్ ఆయన మూడు వందల ఎనభై ఒకటి కొట్టిండు.
సంచి సర్దుకునేముందు టెండాయ్ వచ్చి
తల పట్టుకొని తిప్పి చూపించిండు.
జిగురు వదిలింది, గిర్రున తిరుగుతాంది.
"ఆరే అన్నవు" అని నవ్విండు.
నేను నవ్వలేదు, సంకెనక చెయ్యి పెట్టుకున్న.

క్యాంపుకు వచ్చేటాళ్లకు రెండు దాటింది.
స్నానం చేసి దండెం మీద లుంగీ ఆరేసిన,
రెండుంపావు గజం.
పక్కన తువ్వాల, ముప్పావు.
నీళ్లు ఒక్కొక్క చుక్క మంచం అంచు మీద పడుతుంటే
పండుకొని చాలాసేపు
ఆ రెండిటి దిక్కే చూసిన.