పట్టు

మిర్చియార్డు నుంచి సరాసరి వచ్చినవాణ్ణి.
చొక్కా చేతుల మడతల్లో ఇంకా ఘాటు ఉన్నట్టుంది,
ముందు వరుసలో సోప్రానోలు ముగ్గురూ తుమ్మారు.
జెకర్యా మాస్టారు హార్మోనియం మీద ఒక మెట్టు నొక్కి
"అను" అన్నారు.
అన్నాను.
"నువ్వు టెనర్‌వి" అని తేల్చేశారు,
టీసీ మీద పుట్టుమచ్చ రాసినంత మామూలుగా.

ఏ ఊరి మాటండీ అది?

"లాటిను. పట్టుకోవడం అని.
వెనకటికి తక్కిన గొంతులు అటూ ఇటూ పరిగెడుతుంటే
ఒకడు రాగాన్ని సాగదీసి, వదలకుండా నిలబడేవాడట.
వాడు పోయాడు, పేరు మిగిలింది."

పట్టుకోవడమా!
పొద్దుట్నుంచీ నలభై కిలోల టిక్కీలకి కొక్కెం దిగేసి
"పట్టు, పట్టు, వదలమాక" అని
అరిచింది అదేగా నేను.

ఆల్టో అంటే ఎత్తట.
ఆడవాళ్ళలో మాత్రం అది కింది గొంతు.
"మా ఇంటిపేరు మేడా, కాపురం రేకుల కింద,
అలాగే ఇదీనూ" అంది మార్తమ్మక్క.
ఫాల్సెటో అంటే ఓ బుల్లి అబద్ధం.
మనం దొంగగొంతు అంటాం కదా,
సముద్రం అవతలా అది దొంగే.

గాత్రం సంగతి బ్రాడీపేట మేడమీద
వీణ నేర్పే జానకమ్మగారు చెప్పారు:
అసలు దానర్థం ఒళ్ళు.
నిజమే కాబోలు.
ఒళ్ళంతా కారం పట్టినవాడి గాత్రం
ఇంకెలా ఉంటుంది?

మా పున్నయ్య తాత బుర్రకథలో వంత.
కథకుడి పేరు తెనాలి దాకా తెలుసు.
ఎడమ పక్క గుమ్మెట పట్టుకున్నాయన పేరు
మా ఇంట్లోనే సగంమందికి తెలీదు.
వంత అనేది వంతులోంచి వచ్చిందో, వంతెనలోంచో
ఆయన్ని అడగలేదు. అడిగినా
చుట్ట ఆర్పి "నాకేం ఎరికరా" అనేవాడు.
నాకు గుర్తున్నది ఒకటే:
కథకుడు మంచినీళ్ళు తాగినంతసేపూ
కథ నేలన పడేది కాదు.

ఆదివారం.
నాలుగు మాత్రల పొడుగున నాది ఒకే స్వరం.
మూడో మాత్రలో దగ్గొచ్చింది,
తేజా రకం, ఆపితే ఆగేది కాదు.

పక్కనున్న ఇమ్మానియేలు
తల తిప్పలేదు, పుస్తకం దించలేదు.
టిక్కీకి రెండో కొస అందుకున్నట్టు
ఆ స్వరం అందుకున్నాడు.