దిగువ సూడకండి

పాత పోస్టాఫీసు మలుపులో
రెండు ఆకుపచ్చ బ్యాటరీ సైకిళ్ళు
గోడకి ఒళ్ళు రుద్దుకుంటున్న మేకల్లా.
హామీకింద నా ఆధార్ కార్డు అందుకుని
చూసీ చూడనట్టు జేబులో దోపేసింది
చోడిపిల్లి నూకరత్నం.
"ఏ ఊరండీ మీది?"
రాజమండ్రి అన్నాను.
నోట్లోంచి అలా వచ్చేసింది.
ఇరవై ఆరేళ్ళుగా ఎంవీపీ కాలనీలో కాపురముండి
ఈ వీధుల్ని కారు అద్దంలోంచి కూడా
సరిగ్గా చూడలేదని
ఎలా చెప్పను?

"ఎదరకి సూడండి. దిగువ సూస్తే పడిపోతారు."
పావడా గొలుసులో పడి చిరిగిన రోజు తర్వాత
సైకిలెక్కలేదు నేను.
పెడలు మీద పాదం మోపానో లేదో
వీపు మీద ఎవరో మెత్తగా చెయ్యి వేసినట్టు
మోటారు.
కోటవీధిలోకి జారిపోయాం.

"కోటేదీ?"
"కోట పోయిందండి, వీధి మిగిలింది.
మా పేటలో కొళాయి పోయి
బిందెల వరస మిగల్లేదా, అలాగే."

కురుపాం మార్కెట్ కమాను దాటాక
పసుపుకొమ్ముల బస్తాల మధ్య
నాకు ఏడు తుమ్ములు.
నల్లటి రాణిగారి విగ్రహం దగ్గర బ్రేకు నొక్కి
వాళ్ళ నాయనమ్మ దానయ్యమ్మ సంగతి ఎత్తింది.
రోజూ ఇక్కడ గంప సర్దుకుంటూ అడిగేదట:
"అప్పా, నీ కిరీటం బరువా, నా గంప బరువా?
తూకం ఏద్దాం, దిగు."
ఇంకా దిగలేదు ఆవిడ.

దానయ్యమ్మ ఎక్కని కొండ లేదు.
చర్చి కొండకి శుక్రవారం వంజరం,
దర్గా కొండకి ఎవరడిగితే వాళ్ళకి చందువ,
వెంకన్న కొండకి మాత్రం
కడిగిన ఖాళీ గంప, రెండు చేతులు.
దానయ్యమ్మ తల్లయితే
జపానోడి బాంబులు పడిన ఏడు
ఊరు ఊరంతా బళ్ళు కట్టుకు పారిపోతుంటే
ఇసకలో కవళ్ళు తిరగేస్తూ కూచుందట.
"ఎండే సేపని సగంలో ఒగ్గేస్తే
పురుగట్టేస్తాదే" అని.
తారీఖు ఏమిటని అడిగాను, నోట్‌బుక్కు తీసి.
"తెల్దండీ. ఎండ బాగా కాసిన రోజు."

చర్చి కొండ మూడో వంపులో
నా సైకిలు ఆఖరి గీత ఆరిపోయింది.
పాతిక కిలోల ఇనుము
చూడి గేదెలా మొరాయించింది.
ఇద్దరం చెరో పక్కా పట్టుకుని నెట్టాం.
నెట్టేటప్పుడు ఆమె కథలు చెప్పలేదు.
నేనూ నెత్తిమీద ఏ గంపా లేకుండానే
మూడుసార్లు ఆగాను.

పైన గాలి.
డాల్ఫిన్ నోస్ పక్కన, సన్నటి కాలవలో,
ఆరంతస్తుల ఓడని
చిన్న టగ్గు ఒకటి
పక్కటెముకల్లో తలపెట్టి నెడుతోంది.
చాలాసేపు చూశాం.
ఓడ కదులుతున్నట్టే లేదు,
కాని గోడౌను కప్పు దాటిపోయింది.

దిగాక చదును రోడ్డు.
"హేండిలు గట్టిగా పట్టుకోండి" అని
వెనకనుంచి నా క్యారియర్ మీద ఎడంకాలు ఆనించి
తన సైకిలు మోటారుతో
నన్నూ తోలుకుపోయింది ఫిషింగ్ హార్బర్ దాకా.
ఐసు పొడుం మీద కూచున్న ఆడాళ్ళు
కత్తిపీటలు ఆపి అరిచారు:
"ఏటే నూకరత్నం, ఎవుల్ని తోసుకొత్తన్నావు?"
"రాజమండ్రి సుట్టాలు!"
నవ్వులో నా చెవులు కాలాయి.

చీకటి పడేవేళ కార్డు తిరిగిస్తూ
వెనక్కి తిప్పి, వీధిదీపం కింద
అడ్రసు పైకి చదివింది,
ఇంటి నంబరుతో సహా.
"పొద్దున్నే సూసానండి."
"మరి అప్పుడే అనలేదేం?"
"మీరు మాత్రం అన్నారేటి?"

ఛార్జరు వైరు మోచేతికి చుట్టుకుంటూ
వచ్చే ఆదివారం దర్గా కొండ అంది.
నిండా ఎక్కించి ఉంచుతుందట బ్యాటరీ.
ఈసారి ఊరోళ్ళ రేటట.
ఎంతో మాత్రం చెప్పలేదు.