రెండో సీటు

పర్లాకిమిడిలో ఆటో సీట్లు కుట్టే కొట్టు నాది.
ట్రాక్టరు సీటు, పళ్ళ డాక్టరు కుర్చీ,
హాలు మూసేసిన రోజు రిక్షాలో వచ్చిన బాల్కనీ సోఫాలు,
కూర్చునేదేదైనా సరే, సూది దించితే
అడుగునున్నది ఏ చెక్కో చెప్పేస్తాను.
విమానం సీటు మాత్రం
జన్ని దాలినాయుడు అడిగేదాకా ఎవరూ అడగలేదు.

ఎయిర్‌ఫోర్సులో ఇరవయ్యేళ్ళు రివెట్లు కొట్టి వచ్చి
మూతపడ్డ రైసుమిల్లులో ఊక ఓ పక్కకి తోసి
తనే ఒకటి కడుతున్నాడు.
ఊళ్ళో దాన్ని నాయుడి మిడత అంటారు.
వెళ్ళి చూశాను. ఇంకా రెక్కల్లేవు.
మిడత విడిచేసిన పెంకులా ఉంది.

నల్ల రెగ్జిన్ పరిచాను.
వానకి తడవదు, పదేళ్ళు గ్యారంటీ అన్నాను.
అతను జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు.
రెగ్జిన్ ఏడ్చింది. నిప్పు బొట్లుబొట్లుగా కారి
నా గచ్చు మీద మచ్చలు పెట్టింది.
"ఇది ఒళ్ళో కారిందనుకో తల్లీ,
పైన దిగిపోడానికి సోటుండదు."
ముప్ఫయ్యేళ్ళుగా ఊరందర్నీ
దీని మీదే కూర్చోబెడుతున్నాను.
ఆ రాత్రి అన్నం సయించలేదు.

మర్నాటి నుంచి నాకూ అదే పని.
మొఖమల్ భగ్గుమంది.
మందపాటి కాటన్ మర్యాదగా కాలింది, ఆరిపోయింది,
ఆరిందనుకుని టీ తాగి వచ్చేసరికి
లోపల్లోపల పాకి సగం తినేసింది.
తోలు ముడుచుకుంది గానీ అంటుకోలేదు.
సంబరపడి కంసాలి సుదాం దగ్గరికి పట్టుకెళ్ళాను.
బంగారం తూచే కాటాలో జానెడు గేదెతోలు!
"తులాల్లో చెప్పనా?" అని నవ్వి
ముప్ఫయి రెండు గ్రాములన్నాడు.
నాయుడు రెండు సీట్లకీ లెక్క కట్టి, పెన్సిలు చెవిలో పెట్టుకుని
"అంత బరువుకి అరగంట పెట్రోలు దించెయ్యాల" అన్నాడు.

ఎవరో చెబితే చంద్రగిరి బస్సెక్కాను.
మగ్గం మీద డోల్కర్.
ఆమెకి తెలుగు రాదు, నా ఒడియా ఆమెకి నవ్వు.
అగ్గిపుల్ల చూపించగానే అడక్కుండానే
తన ఉన్ని పోగు ఒకటి తెంపి ఇచ్చింది.
జుట్టు మాడిన కంపు. నల్లపూసంత బూడిద.
పుల్ల తీసెయ్యగానే మంట మానేసింది,
మాటంటే పడని మనిషిలా.
బూడిదరంగుది నాలుగు గజాలు తెచ్చాను.
గాజు మూత కింద ఎండ కాస్తుందట, నలుపు వద్దన్నాడు.

ఇక నురుగుదిమ్మ.
కలకత్తా నుంచి పార్సిల్లో వచ్చింది, నేనెరగని రకం.
మెల్లగా నొక్కితే లొంగుతుంది, గుద్దితే రాయి.
మా నాన్నా అంతే.
నౌపడా చిన్నబండి ఫస్టుక్లాసు పరుపులు ఆయనే కుట్టేవాడు.
కొబ్బరిపీచు చీరుతూ అనేవాడు:
కుదుపు మనదాకా రాకూడదే, సీటులోనే చచ్చిపోవాలి.
ఆ బండి లేదు, ఆ పట్టాలూ లేవు.
ఆయన సూది ఉంది. ఉన్నిలోకి బాగానే దిగింది.

మొదటి సీటుకి నాయుడి కొలతలు:
నడుము, తొడ, మోకాలి దాకా.
ఊపిరి బిగపట్టి పొట్ట లోపలికి లాక్కున్నాడు.
వదిలెయ్యవయ్యా, గాలిలో ఎంతసేపని లాక్కుంటావు అన్నాను.

రెండోదానికి కొలత ఇవ్వలేదు.
నేనూ అడగలేదు.

బిగించిన రోజు చుట్టూ తిరిగి చూశాడు.
కుట్టు తడిమాడు, అంచు లాగాడు,
రెండో సీటు మీద అరచెయ్యి ఆనించి ఉంచాడు.
చెయ్యి తీశాక గుంట నెమ్మదిగా నిండింది.
"ఎవరి కొలత ఇది?"
పక్కింటి టైలరు పెళ్ళాందని చెప్పాను.
ఆమె నాకంటే జానెడు పొట్టి. అతనికి తెలుసు.

కాగితాలింకా రాలేదట. ఇంజినుకీ డబ్బు చాల్లేదు.
మిల్లు కప్పు మీంచి పావురాల రెట్టలు పడతాయని
రెండు సీట్లకీ పాత దుప్పటి కప్పాడు.
గచ్చు మీద మచ్చలు అలాగే ఉన్నాయి.
రెగ్జిన్ అడిగినవాళ్ళకి
ముందు వాటిని చూపిస్తున్నాను.