వెనక సీటు

తుంటి కీలు మార్చాక
ఇక బండెక్కనంది టోరున్.

నాలుగు క్వింటాళ్ల బండికి గరాజులో స్టాండు వేసి
మొదటిసారి నేనే వెనక కూర్చున్నాను.
ముప్ఫై ఏళ్లుగా
ఆమె చూసిన నార్వే ఇదన్నమాట:
నా వీపు.

రొట్టెల కత్తితో స్పాంజి చెక్కాను.
ఆమె సీటు నాలుగు వేళ్లు లేపి
గొర్రెతోలు పరిచి
ఫుట్‌రెస్టులు దించి, నడుముకి ఆసరా బిగించాను.
హ్యాండిల్ నావైపు ఓ అంగుళం;
నా మణికట్లకీ వయసొచ్చింది.

ఆల్టా దాటాక
నా భుజం మీదుగా అరుస్తోంది:
"ఇన్నాళ్లూ ఇక్కడ సముద్రం ఉందా!"

అంతా బాగానే ఉంది.
బ్రేకు వేసినప్పుడు మాత్రం
ఆమె హెల్మెట్ నా హెల్మెట్‌కి
టక్కున తగలడం లేదు.

దూరంగా, చాలా దూరంగా
ఓ రెయిన్‌డీర్ రోడ్డు దాటుతోంది.
కొంచెం గట్టిగానే నొక్కాను.