ఎదురుకాళ్ళు

గ్రిమ్స్‌బీ ఆస్పత్రి. రాత్రి రెండున్నర.
నోరు తెరవమంటే
విల్ఫ్ ముందు దగ్గాడు,
తర్వాత సారీ చెప్పాడు,
ఆ తర్వాతే తెరిచాడు.

మూడు రోజులుగా ముల్లు. హాడక్ ముల్లు.
"నలభై ఏళ్ళు ఈ రేవులోనే చేపలు కోశాను,
చివరికి నాకే గుచ్చుకుంది చూడు."
పాత బాకీ తీరినట్టు నవ్వబోయాడు.
మళ్ళీ దగ్గు.

ఇంట్లో ఏం చేశారని అడిగాను.
ఫారంలో ఆ గడి లేదు, ఊరికే అడిగాను.
ఎండు రొట్టె అంచు, నమలకుండా.
వెనిగర్ మూడు చెంచాలు, ముల్లు మెత్తబడుతుందని.
చేతులు రెండూ పైకెత్తి వంటింట్లో నిలబడ్డం.
డోరీన్ వీపు మీద చరిచిందట,
"ఎప్పటి కోపమో," అన్నాడు.

మా ఉప్పాడలో రొట్టె లేదు, అన్నం ముద్ద.
వెనిగర్ లేదు, చింతపండు పులుసు.
చేతులెత్తక్కర్లేదు, పైకి చూస్తే చాలు.
నీళ్ళు పొలమారినా మెతుకు పొలమారినా
మాడు మీద మూడు తట్లు,
ఎవరో తలుచుకుంటున్నార్రా అని ఒక మాట.
అప్పటికీ కుదరకపోతే
నన్ను పిలిచేవాళ్ళు.

నేను ఎదురుకాళ్ళతో పుట్టాను.
మంత్రసాని నూకరత్నం
మా అమ్మను తిడుతూనే
నా పాదాలు పట్టుకు లాగిందట.
అలా పుట్టినవాళ్ళు తన్నితే
నడుం పట్టు వదుల్తుందని ఊళ్ళన్నీ అంటాయి.
మా పేట ఇంకో అడుగు ముందుకేసింది:
బొటనవేలితో గొంతు మీద రాస్తే
ముల్లు దిగిపోతుందంది.

ఆరేళ్ళకే నాకు ప్రాక్టీసు.
నిద్దట్లోనే భుజాన వేసుకుపోయేవాళ్ళు.
కిరసనాయిలు బుడ్డి వెలుగులో
బోటు సరంగుల గరుకు మెడలు,
మామ్మల వదులు మెడలు,
నా వేలి కింద జారే గుటకలు.
ఫీజు ఒక బెల్లం ముక్క.
దిగిందమ్మా, అనేవాళ్ళు.
నిజంగానే దిగేది.

ఇప్పుడు తెలుసు.
చాలా ముళ్ళు వాటంతటవే పోతాయి.
పోయాక కూడా గీత మండుతుంది,
మనిషి దాన్నే ముల్లనుకుంటాడు.
ఆ మంట చల్లారే వేళకి
ఎవరి చెయ్యి మెడ మీదుంటే వాళ్ళదే పేరు.
ముద్ద ఒక్కోసారి ముల్లును ఇంకా లోపలికి దించుతుంది.
వెనిగర్ ముల్లును కరిగించదు, గొంతును కాలుస్తుంది.
తడితే మాడు కదులుతుంది, అంతే.
పొలమారిన మనిషికి
దగ్గే మందు. దగ్గగలిగినవాణ్ణి దగ్గనియ్యాలి.
దగ్గు ఆగి, మాట రాక, పెదాలు నీలమైతే
అప్పుడు వీపు మీద చరుపులు, గట్టిగా.
అన్నిట్లో డోరీన్ చెయ్యే
నిజానికి కాస్త దగ్గర, వేళ తప్పినా.

కొండబాబు. మూడేళ్ళు.
అది ముల్లు కాదు, చింతగింజ.
నన్ను తెచ్చారు. నేను రాశాను.
వాడు దగ్గడం లేదు.
దగ్గడం లేదు కాబట్టి తగ్గిందనుకున్నారు.
నేనూ అనుకున్నాను.
వాళ్ళమ్మ నా చేతిలో
బెల్లం ముక్క పెట్టింది కూడా.

తర్వాత నన్నెవరూ ఏమీ అనలేదు.
తర్వాత నన్నెవరూ పిలవనూ లేదు.

దీపం వంచి,
విల్ఫ్ నాలుక కిందికి నొక్కి చూశాను.
డాక్టరూ గొట్టం దించి చూశాడు.
ముల్లు లేదు.
ఎర్రగా ఒక గీత,
అంతే.

"అయితే రొట్టే పనిచేసింది," అన్నాడు,
కోటు గుండీలు పెట్టుకుంటూ.
"డోరీన్ ఒప్పుకోదు. తన చరుపే అంటుంది."
కాదని చెప్పడానికి నోరు తెరిచాను.
బయట చలి, బస్సు ఇంకా మొదలవలేదు,
ఒంటరిగా నడిచిపోవాలి ఆయన.

గోరువెచ్చటి నీళ్ళు తాగండి, అన్నాను.
తొడుగు లోపల
బొటనవేలికి చెమట పట్టింది.