తూకం గది

హల్ పోలీసు స్టేషన్ నేలమాళిగలో
ఒక బల్ల, ఒక ఎలక్ట్రానిక్ త్రాసు, రూళ్ళ పుస్తకం, నేను.
డ్యూటీ ఎక్కే ముందు డబ్బా పట్టుకెళతారు,
దిగాక తెచ్చిస్తారు.
అరచేతిలో ఇమిడే నల్ల డబ్బా.
వెళ్ళేటప్పుడెంత, వచ్చేటప్పుడెంత.
పదకొండేళ్ళుగా నా జీతమంతా
ఒక చిన్న తీసివేత.

మా నాన్న చేపల రేవులో తూకం గుమాస్తా.
"పళ్ళేనికి వేలు ఆనించకే గ్లెనిస్,
వేలి బరువు కూడా దొంగసొమ్మే" అనేవాడు.
చచ్చేదాకా ఆయన చొక్కాకి నీచు వాసన పోలేదు.
నా చొక్కాకి ఏ వాసనా లేదు.

డబ్బాలో ఉన్నది కారం.
మిరప చెట్టు మొహం చూడని కారం, సీసాల్లో వండింది.
ఒకసారి మూత దగ్గర కారి వేలికంటింది,
మర్చిపోయి కన్ను నలుపుకున్నాను.
ఇరవై నిమిషాలు కుళాయి కింద తల పెట్టి
చిన్నప్పుడు వదిలేసిన ప్రార్థనలన్నీ వెతుక్కున్నాను.
అది చుక్క.
చుక్కలో సగం.

నవంబరు పధ్నాలుగు రాత్రి.
నూట నలభై ఏడో నంబరు డబ్బా
వెళ్ళినప్పుడు తొంభై ఆరు గ్రాములు,
వచ్చినప్పుడు డెబ్బై ఒకటి.
ఫారంలో రాసింది: ఒకసారి, ఒక సెకను.
హెచ్చరించారా? అవును.
వాడికి వినపడిందా?
ఆ గడి ఫారంలో లేదు.

కుర్రాడు లెయ్‌టన్ స్ప్రాగ్, పదిహేడేళ్ళు.
బస్ స్టేషన్‌లో చెల్లెలితో పోట్లాడుతున్నాడు,
చేతులతో.
పుట్టుకతో వినపడదు. వాళ్ళింట్లో అరుపులైనా
గారాలైనా చేతులే.
"చేతులు విసురుతూ మీదికొచ్చాడు" అని రాశారు.

వాడికి మాటలు లోపలికి వెళ్ళేది కళ్ళలోంచి.
ఆ కళ్ళు మూతబడ్డాక
మంట ఎప్పటికి తగ్గుతుందో,
భుజం పట్టుకున్నది చెల్లెలో పోలీసో
చెప్పడానికి ఏ భాషా మిగల్లేదు.
చేతులు వెనక్కి విరిచి బేడీలు వేశారు.
నోరు కూడా కట్టేశామని
పాపం వాళ్ళకి తెలీదు.

సెకనుకి ఆరు గ్రాములనుకున్నా
ఇరవై ఐదంటే నాలుగు సెకన్లు పైమాటే.
"త్రాసు పాతబడింది గ్లెనిస్" అన్నాడు ఇన్‌స్పెక్టర్ రస్టన్.
మంచివాడే, నా మోకాలి ఆపరేషన్‌కి పూలు పంపాడు.
సొరుగులోంచి నాన్న ఇత్తడి రాయి తీశాను,
నాలుగు ఔన్సులది. పళ్ళెంలో పెట్టాను.
నూట పదమూడు గ్రాములు. సరిగ్గా.
ఆయన కాసేపు గోడ మీది క్యాలెండర్ చదివాడు.

మూడు నెలలకోసారి లైబ్రరీ మేడ మీద
పర్యవేక్షణ సంఘం కూర్చుంటుంది.
రిటైరైన బస్ డ్రైవర్ ఆక్స్‌టబీ,
మసీదు కోశాధికారి వర్సామె,
గోళ్ళు కొరుక్కునే ఓ కాలేజీ పిల్ల.
వందలో పది ఫారాలు తీసి చూస్తారు. టీ, బిస్కెట్లు.
వీడియోలో మొదటి ముప్పై సెకన్లకి శబ్దం ఉండదు,
ఆ కెమెరాల తీరే అంత.
మూగ తెర మీద కుర్రాడి చేతులు
ఎంత స్పష్టంగా మాట్లాడాయో!
గదిలో ఎవరికీ చదవడం రాదు.

"ఈ చివరి గడి ఖాళీగా ఉందేం?" అన్నాడు ఆక్స్‌టబీ.
బరువు గడి.
పదకొండేళ్ళలో మొదటిసారి నాకు ఫోనొచ్చింది.
చెడ్డ మోకాలితో ముప్పై రెండు మెట్లు,
చంకలో రూళ్ళ పుస్తకం.

సంఘానికి సలహా చెప్పే హక్కుంది. అంతవరకే.
ఆ పోలీసుకి మూడు పూటల శిక్షణ,
కుర్రాడికి చింతిస్తున్నామని ఉత్తరం.
వసంతంలో కొత్త ఫారాలొచ్చాయి:
హెచ్చరించారా? ఎలా?
ఆ "ఎలా" పక్కన అరంగుళం ఖాళీ.
ఇప్పటిదాకా అందరూ
"గట్టిగా" అనే రాస్తున్నారు.

ఈ రాత్రి ఏడు డబ్బాలు వెళ్ళాయి,
ఆరు తిరిగొచ్చాయి.
పైన తలుపు తెరుచుకున్నప్పుడల్లా నది గాలి
మెట్లు దిగొచ్చి అంకెల్ని కదిలిస్తోంది.
ఏడోది ఇప్పుడే బల్ల మీద పెట్టి వెళ్ళారు.
ఇంకా వెచ్చగా ఉంది.
పళ్ళెం తుడిచాను. వేలు తీశాను.
అంకె నిలబడేదాకా ఆగుతున్నాను.